కాగితం మీద మెరుపే గడియారం

నీటిరంగులు వేసేవాళ్లను రెండో రంగు ఎప్పుడు దించాలో అడిగితే, చాలామంది "చేతికే తెలుస్తుంది" అంటారు. నిజమే, కాకపోతే చేతికంటే ముందు కన్ను కనిపెడుతుంది. అది చూసేది కాగితం మీది మెరుపుని.

వాష్ (కాగితం మీద పరిచే పల్చని రంగునీరు) వేయగానే నీరు పైన పొరగా నిలిచి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు పెట్టిన రంగు ఎటుపడితే అటు పారుతుంది. కాసేపటికి నీరు కాగితంలోని పోగుల్లోకి దిగి, సన్నని నిగనిగ మాత్రం మిగులుతుంది. మబ్బుల మెత్తని అంచులకు అదే అదను. తర్వాత మెరుపు పోతుంది గానీ, వేళ్ల వెనకవైపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. లోపలి తడి ఆవిరవుతూ వేడిని లాక్కుంటోందన్నమాట. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఈ దశలోనే. కాగితంలోని తడికన్నా కుంచెలో నీరు ఎక్కువైతే, ఆ నీరు సగం ఆరిన రంగు రేణువులను నెట్టుకుంటూ పోయి, ఆగినచోట వంకరటింకర ముదురు గీతగా వదిలేస్తుంది. దాన్నే బ్యాక్‌రన్ అంటారు. కనబడగానే దిద్దబోతే ఇంకా పెరుగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, తడి కుంచెతో అంచును రుద్ది గుడ్డతో అద్దాలి. అసలు రాకుండా ఉండాలంటే కుంచెను ముందే గుడ్డకు ఒత్తి, రంగును చిక్కగా తీసుకోవాలి.

ఈ దశలు ఎన్ని నిమిషాలుంటాయో వీడియోలు చూసి నేర్చుకోలేం. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, గాలి ఆడని గదిలో నిగనిగ చాలాసేపు నిలుస్తుంది. అదే ఆర్కే బీచ్‌లో అయితే సముద్రపు గాలి కాగితం మీది తేమ పొరను ఊడ్చేస్తుంటుంది, గాలి తగిలే అంచు ముందు ఆరిపోతుంది. అందుకే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితాన్ని అరచేయంత ముక్కలు ఆరు చేసి, అన్నిటినీ ఒకేసారి తడిపి, నిమిషానికొక ముక్క మీద ఒకే రంగు చుక్క పెట్టి, అది ఎన్నో నిమిషమో ముక్క వెనక రాసుకోవాలి. ఇంట్లో ఒకసారి, ఒడ్డున ఒకసారి చేస్తే తేడా తెలుస్తుంది. ఇలా తమ కాగితం, తమ గాలి తెలిసినవాళ్లదే నమ్మదగ్గ అందాజు. తడిలో కనిపించే ముదురుదనాన్ని మాత్రం నమ్మకూడదు. పోగుల సందుల్లో నీరున్నంతసేపు వెలుతురు తక్కువగా చెదురుతుంది, ఆరాక రంగు తేలిపోతుంది.

ఈ తేమను అందరూ తిట్టుకుంటారు గానీ, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల బొమ్మ వేసేవాళ్లకు అది వరమే. ఆ మట్టి ఎరుపుకి కారణం ఐరన్ ఆక్సైడ్. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగులో కూడా ముఖ్యంగా ఉండేది అదే పదార్థం. నీడల కోసం అందులో అల్ట్రామెరీన్ అనే నీలం కలిపి గరుకు కాగితం మీద పరిస్తే, నీలి రేణువులు కాగితం గుంటల్లో పేరుకుని ఇసుక పలుకులా కనబడతాయి. అవి పేరుకోవడానికి నీరు కాసేపు నిలవాలి, మన గాలి ఆ వ్యవధి ఇస్తుంది. (రంగు కోసం ఆ దిబ్బల మట్టి తవ్వుకురావద్దు, అది రక్షిత ప్రదేశం.)

గరుకు మెరుపుల కోసం తడి వాష్ మీద ఉప్పు చల్లే అలవాటు ఉంటే, ఇక్కడ ఒక జాగ్రత్త తప్పదు. గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చి కరుగుతుంది, మన తీరంలో అది మామూలే. రంగు ఆరాక పలుకులన్నీ దులిపేయకపోతే, ఫ్రేము కట్టించాక కూడా ఆ చోట్ల చెమ్మ పట్టి రంగు పాకుతుంది.