సున్నా డిగ్రీల దగ్గరే జారుడు ఎక్కువ

హైవే మీద ఐస్ అనగానే చాలామందికి మిన్నెసోటా, మిషిగన్ లాంటి గడ్డకట్టే రాష్ట్రాలే గుర్తొస్తాయి. మైనస్ ఇరవైలో కారు నడిపేవాళ్ళకి భయం ఉండాలి గానీ, డాలస్‌లోనో అట్లాంటాలోనో ఏడాదికి రెండు మూడు రోజులు వచ్చే చలికి అంత టెన్షన్ ఎందుకు అనుకుంటారు. టైరుకీ రోడ్డుకీ మధ్య ఉండే పట్టు లెక్క మాత్రం ఇంకోలా ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఐస్ గట్టిగా, పొడిగా ఉంటుంది. అదే ఐస్ మైనస్ 1 డిగ్రీ దగ్గర ఉంటే, బ్రేక్ వేశాక కారు ఆగడానికి సుమారు రెండింతల దూరం కావాలి. చలి ముదిరేకొద్దీ ఐస్ మీద పట్టు కాస్త పెరుగుతుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ జారిపోతుంది. మన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో చలికాలపు వానలు పడేది సరిగ్గా ఆ సున్నా చుట్టుపక్కలే.

2021 ఫిబ్రవరి 11న, ఇంకా తెల్లవారకముందే, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ నగరంలో ఇంటర్‌స్టేట్ 35 వెస్ట్ మీద జరిగింది ఇదే. అక్కడ పెద్దగా మంచు కురవలేదు. సన్నటి జల్లు పడి, రోడ్డుని తాకగానే గడ్డకట్టింది. టోల్ లేన్లకి రెండు పక్కలా కాంక్రీటు గోడలు ఉన్నాయి. ముందు జారిన కార్లు అడ్డంగా తిరిగి ఆగిపోయాయి. వెనక హైవే వేగంతో వచ్చినవాళ్ళకి తప్పుకోవడానికి చోటు లేదు, బ్రేక్ పట్టడానికి రోడ్డు లేదు. దాదాపు 130 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, వాటిలో భారీ ట్రక్కులూ ఉన్నాయి. ఆరుగురు చనిపోయారు. ఆ రోడ్డు మీద అంతకు రెండు రోజుల ముందే ఉప్పునీళ్ళు చల్లి ఉన్నారన్నది ఇంకా ఆలోచించాల్సిన విషయం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అసలు ఐస్ ఎందుకు జారుతుంది? చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉన్న జవాబు ఒత్తిడి. బరువు పడినచోట ఐస్ కరిగి నీళ్ళవుతుందని, ఆ నీళ్ళ మీద జారతామని చెప్పేవారు. ఒత్తిడి పెరిగితే ఐస్ కరిగే ఉష్ణోగ్రత తగ్గడం నిజమే, కానీ ఒక డిగ్రీ తగ్గాలంటే దాదాపు 135 వాతావరణ పీడనాలంత ఒత్తిడి కావాలి. కారు టైరు రోడ్డు మీద మోపే ఒత్తిడి దానిలో నింపిన గాలి ఒత్తిడికి అటూఇటూగా, అంటే రెండు రెండున్నర వాతావరణాలు ఉంటుంది. దానితో కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో యాభయ్యో వంతు కూడా తగ్గదు. కాబట్టి కారు బరువు ఐస్‌ని కరిగించి జారేలా చేస్తుందన్న మాట నిలవదు.

ఇంకో దారి చూపించినవాడు మైఖేల్ ఫారడే. రెండు ఐస్ ముక్కల్ని దగ్గరికి చేరిస్తే అవి అతుక్కుపోవడం చూసి, ఐస్ పైపొర ఎప్పుడూ కొంచెం ద్రవంలా ఉంటుందని ఆయన 1850లో ఊహించాడు. తర్వాత వచ్చిన పరికరాలు ఆ ఊహని బలపరిచాయి. ఐస్ లోపలి నీటి అణువుకి చుట్టూ పట్టుకునే అణువులు ఉంటాయి. పైపొరలోని అణువుకి ఒక వైపు పట్టు లేదు, అందుకే అది వదులుగా కదులుతుంది. ఈ వదులు పొర సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మందమవుతుంది. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోహ్ దగ్గర చేసిన ప్రయోగాలతో మరో కారణం బయటపడింది. జారుతున్న వస్తువు రాపిడితో పుట్టే వేడి కూడా ఐస్‌ని పైపైన కరిగిస్తుంది. మైనస్ 18లో ఉన్న ఐస్‌ని అలా కరిగించాలంటే ముందు దాన్ని సున్నా దాకా వేడెక్కించాలి. మైనస్ 1లో ఉన్నదానికి ఆ కాస్త వేడి చాలు. బ్రేక్ వేసి చక్రం బిగుసుకుపోయిన కారు తన కింద తానే నీళ్ళు పోసుకుంటూ జారుతుంది.

పొడి తారురోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం, అంటే పట్టుకి కొలత, సుమారు 0.7. ఐస్ మీద అది 0.1కి పడిపోతుంది, తడి ఐస్ మీద ఇంకా తక్కువ. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి రోడ్డు మీద బ్రేక్ పడ్డాక 56 మీటర్లలో ఆగుతుంది. ఐస్ మీద దానికి దాదాపు 400 మీటర్లు కావాలి. అంటే రాత్రి హెడ్‌లైట్లు చూపించే దూరం కంటే ఎన్నో రెట్లు. మీకు కనబడిన ప్రమాదం దగ్గర మీరు ఆగలేరన్నమాట, ఎంత మంచి డ్రైవరైనా సరే. అదే 50 కిలోమీటర్ల వేగమైతే 100 మీటర్లు, 30 అయితే 35 మీటర్లు చాలు. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక వేగం సగం చేస్తే దూరం పావు వంతు అవుతుంది. ఐస్ మీద మన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఇదొక్కటే, అది కూడా ఐస్ రాకముందు వాడితేనే పనికొస్తుంది. మలుపుల దగ్గరా అంతే. పొడిగా ఉన్నప్పుడు 130 వేగాన్ని తట్టుకునే మలుపు, ఐస్ పరుచుకున్నాక 50 దగ్గరే కారుని బయటికి తోసేస్తుంది.

ఐస్ రాకముందే అని తేలిగ్గా రాసేశాను గానీ, అది వచ్చిందని తెలిసేదెలా? బ్లాక్ ఐస్ నిజానికి నల్లగా ఉండదు. గాలి బుడగలు లేని పల్చటి పొర కాబట్టి అద్దంలా కింద తారు కనిపిస్తుంది, రోడ్డు తడిసినట్టు ఉంటుంది అంతే. వాన పడుతోంది, రోడ్డు నిగనిగలాడుతోంది, ముందు కారు టైర్ల వెనక నీళ్ళు మాత్రం ఎగరడం లేదు అంటే అది నీరు కాకపోవచ్చు. టైర్ల చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోవడం, స్టీరింగ్ అకస్మాత్తుగా తేలికవడం కూడా గుర్తులే. సైడ్ మిర్రర్లమీద, యాంటెన్నామీద ఐస్ కడుతుంటే రోడ్డు మీదా కడుతోందని అనుకోవడం మంచిది.

డాష్‌బోర్డులో కనిపించే ఉష్ణోగ్రతని నమ్మి మోసపోయేవాళ్ళు ఎక్కువ. అది గాలి ఉష్ణోగ్రత, రోడ్డుది కాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, పైన ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో థర్మామీటరు సున్నాకి పైనే చూపిస్తున్నా గడ్డిమీద, బండ్ల సీట్లమీద మంచు గడ్డకట్టేది ఇందుకే. హైవే మీద కూడా గాలి 2, 3 డిగ్రీలు ఉండగా రోడ్డు గడ్డకట్టి ఉండవచ్చు. చాలా కార్లు 3 లేదా 4 డిగ్రీల దగ్గరే మంచుపువ్వు గుర్తు చూపించి హెచ్చరించేది ఈ తేడా కోసమే. ఇక సూర్యోదయానికి కాస్త ముందూ వెనకా రోడ్డు అన్నిటికంటే చల్లగా ఉంటుంది. ఆఫీసులకి బయలుదేరే రద్దీ కూడా అప్పుడే మొదలవుతుంది.

వంతెనలది వేరే సంగతి. మామూలు రోడ్డు కింద నేల ఉంటుంది, పగలు తాగిన వేడిని రాత్రి నెమ్మదిగా పైకి పంపుతుంది. ఫ్లైఓవర్‌కి కింద కూడా చల్లగాలే. రెండు వైపులా వేడి పోగొట్టుకుని అది ముందు గడ్డకడుతుంది. ఐదు మైళ్ళు రోడ్డు బాగుండి, ధైర్యం వచ్చి వేగం పెంచాక ఎదురయ్యే వంతెన అందుకే ప్రాణం మీదికి తెస్తుంది. వంతెన ఎక్కేముందే యాక్సిలరేటర్ వదలాలి. దాని మీద బ్రేక్ నొక్కకూడదు, లేన్ మారకూడదు.

టైరుకి ఉండే పట్టు మొత్తం ఒకటే. బ్రేకుకి వాడినంత స్టీరింగుకి తగ్గిపోతుంది. పొడి రోడ్డు మీద రెండింటికీ సరిపోయేంత ఉంటుంది కనుక మనకి ఈ పంపకం తెలియదు. ఐస్ మీద ఒకసారికి ఒక్క పనే చెయ్యాలి: ముందు వేగం తగ్గించడం, తర్వాత తిప్పడం, ఆ తర్వాత మెల్లగా వేగం అందుకోవడం. క్రూజ్ కంట్రోల్ పూర్తిగా ఆపేయాలి. అది వేగం నిలబెట్టాలని చూస్తుందే తప్ప ముందు వంతెన ఉందని దానికి తెలియదు. ముందు కారుకీ మీకూ మధ్య మామూలుగా మూడు సెకన్ల దూరం వదిలేవాళ్ళు ఎనిమిది పది సెకన్లు వదలాలి.

అయినా జారితే? స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా పోతుంటే, ముందు చక్రాలు పట్టు వదిలేశాయని అర్థం. ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకూడదు. కాలు తీసి, స్టీరింగ్ కొంచెం వెనక్కి తెచ్చి, పట్టు దొరికేదాకా ఆగాలి. వెనక భాగం పక్కకి పోతుంటే మీరు వెళ్ళాలనుకున్న వైపు చూస్తూ అటే మెల్లగా తిప్పాలి. గోడ వైపు చూస్తే చేతులు కూడా అటే తిప్పుతాయి. ఏబీఎస్, అంటే బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న కారులో బ్రేక్ గట్టిగా నొక్కి పట్టుకోవాలి. పెడల్ గడగడలాడుతుంటే భయపడి కాలు తీసేసేవాళ్ళు ఉన్నారు, ఆ వణుకు అది పని చేస్తున్న గుర్తు. ఏబీఎస్ ఐస్ మీద ఆగే దూరాన్ని పెద్దగా తగ్గించదు, కారు తిప్పే అవకాశాన్ని మాత్రం మీ చేతిలో ఉంచుతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమా నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. నాలుగు చక్రాలకీ శక్తి అందితే కారు బాగా కదులుతుంది, గుట్ట ఎక్కుతుంది. బ్రేకులు మాత్రం ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకే ఉంటాయి, కాబట్టి ఆగే దగ్గర పెద్ద ఎస్‌యూవీకి చిన్న కారు మీద ఏ ఆధిక్యం లేదు. ఆ డబ్బులో కొంత టైర్లమీద పెట్టడం నయం. వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడి రోడ్డుని పట్టుకోలేదు. చలికాలపు టైర్లలో రబ్బరు చలికి కూడా మెత్తగా ఉంటుంది, దాని మీద సన్నటి గాట్లు ఐస్ మీది నీటిపొరని చీల్చుకుంటూ పోతాయి. మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తు ఉన్న టైరు మంచు మీద పరీక్షకి నిలిచినది. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి. ఆగస్టులో చదువుకి వచ్చి, సెకండ్ హ్యాండ్ కారు కొని, డిసెంబర్ సెలవుల్లో నలుగురు కలిసి వేరే రాష్ట్రానికి బయలుదేరే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే: ఇంజన్ కంటే ముందు టైర్ల అరుగుదల చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే 1.6 మిల్లీమీటర్ల గాడి చలికాలానికి చాలదు, కనీసం 4 ఉండాలి.

ఇప్పుడు ఉప్పు సంగతి. నీళ్ళలో 23 శాతం దాకా ఉప్పు కలిపితే అది మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అందుకే తుపానుకి ముందు రోడ్డు మీద ఉప్పునీళ్ళు చల్లుతారు. నీళ్ళు ఆరి ఉప్పు మిగులుతుంది, ఆ తర్వాత పడిన మంచు రోడ్డుకి అతుక్కోదు. కానీ సన్నటి జల్లు ఆ ఉప్పుని పలచన చేస్తూ, కడుగుతూ పోతుంది. పలచబడిన కొద్దీ గడ్డకట్టే ఉష్ణోగ్రత మళ్ళీ సున్నా వైపు ఎక్కుతుంది. మైనస్ 9 దాటాక మామూలు ఉప్పు పని కూడా బాగా నెమ్మదిస్తుంది. చల్లిన రోడ్డు అంటే సురక్షితమైన రోడ్డు అని కాదు. ఫోర్ట్ వర్త్ ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి, వాతావరణాన్ని బట్టి మారే వేగపరిమితి బోర్డులు వాడాలని కూడా సూచించింది. అది సబబైన సూచన. డ్రైవరుకి కనిపించని ఐస్ రోడ్డులో పెట్టిన సెన్సర్లకి అందుతుంది.

మన దేశంలో ఈ బాధ ఎక్కువగా హైదరాబాద్, విజయవాడల నుంచి మనాలీ వెళ్ళేవాళ్ళది. సోలంగ్, అటల్ టన్నెల్ వైపు పగటి ఎండకి కరిగిన మంచునీళ్ళు సాయంత్రానికి రోడ్డు మీదే గడ్డకడతాయి. అక్కడ చీకటి పడకముందే కిందికి దిగిపోవాలి, జారకుండా టైర్లకి చైన్లు వెయ్యడం తెలిసిన స్థానిక డ్రైవరు మాట వినాలి.

ఒకవేళ హైవే మీద కారు చిక్కుకుపోతే, వెనక నుంచి ఇంకా బండ్లు జారుతూ వస్తుంటే, లేన్లలోకి దిగి నిలబడకండి. గోడ అవతలికి వెళ్ళే సురక్షితమైన దారి దగ్గర్లో లేకపోతే, సీటు బెల్టు పెట్టుకుని లోపలే ఉండి, హజార్డ్ లైట్లు వేసి 911కి ఫోన్ చెయ్యండి. మంచులో గంటలకొద్దీ ఆగాల్సివస్తే ఇంజన్ ఆపకుండా నడపొద్దు, అప్పుడప్పుడు కాసేపు వేసి ఆపండి. వేసే ప్రతిసారీ ముందుగా పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తీసెయ్యాలి, ఒక కిటికీ కొంచెం దించి ఉంచాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు.