హెపటైటిస్-సి లెక్కలు: అపోహలు – వాస్తవాలు

జిల్లా స్థాయిలో అంటువ్యాధుల నిఘా పని చేసేవాళ్లకు ఏటా జులై 28న, ప్రపంచ హెపటైటిస్ దినం వచ్చేసరికి, ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ‘మన జిల్లాలో హెపటైటిస్-సి పెరిగిందా, తగ్గిందా?’ అంకెలు మా దగ్గర ఉంటాయి గానీ, అవి ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పవు. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే ఈ వైరస్ వ్యాధి విషయంలో మా రిజిస్టరులోని అంకె, రోగం ఎక్కడుందో చెప్పడానికి ముందు మేము ఎక్కడ వెతికామో చెబుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల పుట్టిన అపోహలే కింద రాసినవన్నీ.

అపోహ: కేసులు పెరిగాయంటే వ్యాధి విజృంభిస్తున్నట్టే.

డెంగీ విషయంలో ఈ ఆలోచన చాలావరకు సరైనదే. ఈ వారం నమోదైన కేసు దాదాపుగా ఈ నెలలో కుట్టిన దోమ ఫలితం. హెపటైటిస్-సి అలా కాదు. వైరస్ సోకిన తొలి నెలల్లో పదిమందిలో ఎనిమిది మందికి ఏ లక్షణమూ ఉండదు. ఆ తరువాత కాలేయం ఇరవై, ముప్పై ఏళ్లపాటు నెమ్మదిగా దెబ్బతింటూ పోతుంది. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. అంతకుముందు దీన్ని ‘హెపటైటిస్-ఏ కాదు, బి కాదు’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. మన దేశంలో దానంగా వచ్చిన రక్తానికంతటికీ ఈ పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి 2000 దశకం వచ్చింది. కాబట్టి ఇవాళ పాజిటివ్‌గా తేలిన అరవై ఏళ్ల మనిషికి ఎప్పుడో కాన్పులోనో, ఆపరేషన్‌లోనో ఎక్కించిన రక్తం ద్వారా అది సోకి ఉండవచ్చు. ఒక మండలంలో శిబిరం పెట్టి పరీక్షలు చేస్తే ఆ నెల అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది, శిబిరం ఎత్తేయగానే పడిపోతుంది. ఈ రెండింటికీ వైరస్ వ్యాప్తితో సంబంధం లేదు.

అందుకే నేను మొత్తం కన్నా ముందు వయసుల వరస చూస్తాను. యాభై దాటినవారే ఎక్కువగా ఉంటే అవి చాలావరకు పాత బాకీలు. పాతికేళ్ల లోపువారు గుంపుగా కనిపిస్తే, లేదా నిరుడు నెగెటివ్ వచ్చిన మనిషి ఈ ఏడు పాజిటివ్ అయితే, ఎక్కడో సూది ఇప్పుడే తప్పు చేస్తోందని అర్థం.

అపోహ: యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తే రోగి అయినట్టే.

యాంటీబాడీ అనేది వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థం, వైరస్ ఎప్పుడో ఒకసారి వచ్చిందన్న జాడ. వైరస్ ఇంకా ఒంట్లో ఉందని చెప్పే రుజువు కాదు. సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి ఆరు నెలల్లోపు మందులు లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి మిగులుతుంది. చికిత్సతో పూర్తిగా నయమైనవారిలోనూ అంతే.

దీనికితోడు ఒక చిన్న గణితం ఉంది. నాల్గో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సేకరించిన రక్త నమూనాల ప్రకారం దేశ జనాభాలో ఈ యాంటీబాడీ ఉన్నవారు సుమారు 0.32 శాతం. అంటే పదివేల మందిలో 32 మంది. వైరస్ సోకని ప్రతి వందమందిలో ఒక్కరికి మాత్రమే పొరపాటుగా పాజిటివ్ చూపించే మంచి కిట్‌తో ఆ పదివేల మందినీ పరీక్షించామనుకుందాం. నిజమైన పాజిటివ్‌లు 32 అయితే, పొరపాటు పాజిటివ్‌లు దాదాపు వంద. అదే కిట్‌ను పదిశాతం మందికి వైరస్ సోకిన బృందంలో వాడితే, వెయ్యి మందిలో వంద నిజం, తొమ్మిది మాత్రమే పొరపాటు. కిట్ మారలేదు, వెతికిన చోటు మారింది. అందువల్ల రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షతో నిర్ధారణ కాకుండా కేసు అని రాయడం నాకు సమ్మతం కాదు. రిజిస్టరులో యాంటీబాడీ పాజిటివ్‌కూ, నిర్ధారణ అయిన కేసుకూ వేర్వేరు గడులు ఉండవలసిందే. క్షయ నిర్ధారణ కోసం జిల్లాలకు వచ్చిన ట్రూనాట్ వంటి యంత్రాలు, తగిన చిప్ ఉంటే, ఈ పరీక్షా చేయగలవు.

అపోహ: పచ్చకామెర్ల కేసులు లెక్కపెడితే హెపటైటిస్-సి కూడా అందులో దొరుకుతుంది.

2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద కామెర్ల సమాచారం ఎప్పటికప్పుడు వస్తుంది. తాగునీటి పైపులో మురుగు కలిసి ఒక వీధంతా మంచం పట్టినప్పుడు అది బాగా పట్టిస్తుంది. అయితే అవి హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు. సి నీటి ద్వారా రాదు, కామెర్లతో బయటపడడమూ అరుదే. హెపటైటిస్-ఏ చాలావరకు దానంతట అదే తగ్గుతుంది కనుక ఆ పేరు పసరు మందుకు దక్కుతుంది. సి విషయంలో చాలామందికి కళ్లు పచ్చబడవు కాబట్టి, పసరు వైద్యుడి దగ్గరికైనా ఎవరూ వెళ్లరు.

అపోహ: రక్తనిధుల లెక్కలు ఉన్నాయిగా, అవి చాలు.

రక్తదాతలు ఆరోగ్యంగా ఉన్నవారిలోంచి వడపోసిన మనుషులు, అందులోనూ మన దేశంలో ఎక్కువమంది మగవారు. కాబట్టి ఆ శాతం జనాభా శాతం కాదు. ఏటికేడు అది ఎటు కదులుతోందో చూడడానికి మాత్రం పనికొస్తుంది.

అపోహ: ఇది మత్తుమందులు ఎక్కించుకునేవారి జబ్బు.

పంజాబ్‌లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఒకే సూదిని పంచుకోవడం పెద్ద కారణమే. కానీ వైద్యమే ఈ వైరస్‌ను మోసుకెళ్లిన చరిత్ర అంతకన్నా పెద్దది. ఈజిప్టులో నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా వ్యాధిని తగ్గించడానికి 1980ల వరకు ఊరూరా ఇంజెక్షన్లు వేశారు. సరిగా శుభ్రం చేయని సూదులతో దేశమంతటా హెపటైటిస్-సి పాకింది. అదే దేశం 2018–19లో ఏడు నెలల్లో దాదాపు ఐదు కోట్ల మందిని పరీక్షించి చికిత్సకు పంపింది.

మన దగ్గర నేను అన్నింటికన్నా జాగ్రత్తగా చూసేది డయాలిసిస్ కేంద్రాలను. అక్కడి రోగికి వారానికి రెండు మూడుసార్లు రక్తం బయటికి వెళ్లి తిరిగి లోపలికి వస్తుంది. చేరేటప్పుడు ఒకసారి, ఆపై ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష చేయాలన్నది నియమం. అక్కడ నెగెటివ్ నుంచి పాజిటివ్‌కు మారిన ఒక్క రోగి, శిబిరంలో దొరికిన యాభై మంది కన్నా నాకు ముఖ్యమైన సమాచారం, ఎందుకంటే సోకిన కాలమూ, స్థలమూ రెండూ తెలుస్తున్నాయి. అలాంటప్పుడు యంత్రాన్ని నిందించడం అందరికీ తేలిక. మేము మాత్రం ఇద్దరు రోగుల మధ్య నర్సు చేతి తొడుగులు మార్చారా, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఒకే సీసాలోంచి ఎంతమందికి మందు తీశారు, కుర్చీ చేతుల మీది రక్తపు మరకలు ఎవరు ఎప్పుడు తుడిచారు అని అడుగుతాం. పక్క కుర్చీల్లో ఎవరెవరు ఏ షిఫ్టులో కూర్చున్నారో రాసుకుంటాం. కేంద్రానికి చెడ్డపేరు వస్తుందన్న భయంతో ఆ ఒక్క ఫలితాన్ని దాచిపెడితే, ఆరు నెలల తరువాత అది నాలుగవుతుంది.

అపోహ: పేరు నమోదైతే ఊరంతా తెలిసిపోతుంది.

జిల్లా నుంచి పైకి వెళ్లే నివేదికల్లో ఉండేవి మొత్తం అంకెలే, పేర్లు కావు. కలిసి తిన్నా, ఒకే మంచంపై పడుకున్నా ఇది సోకదు. ఇంట్లో విడిగా ఉంచవలసింది బ్లేడూ, గోరు కత్తెరా, టూత్‌బ్రష్షూ వంటి రక్తం అంటే వస్తువులు మాత్రమే.

అపోహ: మందుల కోర్సు అయిపోగానే ఆ కేసు ముగిసింది.

2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షా, మందులూ ఉచితం. సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడి పాడైన స్థితి, లేనివారికి సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు పన్నెండు వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఆఖరి మాత్ర వేసుకున్నాక మరో పన్నెండు వారాలకు వైరల్ లోడ్ మళ్లీ చూసి, వైరస్ లేదని తేలితేనే నయమైనట్టు రాస్తాం. టీకా లేని వ్యాధి ఇది, ఒకసారి తగ్గినవారికి మళ్లీ సోకవచ్చు కూడా. ఒంట్లో బాగుందన్న కారణంతో చాలామంది ఈ చివరి పరీక్షకు రారు. వారిని వెతుక్కుంటూ ఆశా కార్యకర్త ఇంటికి వెళితే, ఆ మనిషి పనికోసం వేరే ఊరు వెళ్లాడని ఇంట్లోవాళ్లు చెబుతారు. అలాంటివారి వరుసలో చివరి గడిని మేము ‘నయమైంది’ అని నింపము, ఖాళీగానే ఉంచుతాం.