కాలిన చోట నీళ్లు పోస్తే బొబ్బలు లేస్తాయా?

బెంగళూరులో పిల్లల కాలిన గాయాలకు వైద్యం చేసే నాకు ఈ ప్రశ్న ఎదురుకాని వారం ఉండదు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు బిడ్డను ఎత్తుకుని పరుగున వస్తాయి. గాయం మీద టూత్‌పేస్టు, పసుపు, కాఫీపొడి, ఒక్కోసారి ఇంకు కూడా ఉంటాయి. నీళ్లు మాత్రం పోసి ఉండరు.

బొబ్బ లేచేది వేడివల్ల. టీ ఒలికిన క్షణంలోనే చర్మం దెబ్బతింటుంది, బొబ్బ పైకి తేలడానికి కాసేపు పడుతుంది. ఆలోగా నీళ్లు పోశారు కాబట్టి నింద నీళ్ల మీద పడుతోంది. టీ తుడిచేసినా చర్మంలో నిలిచిన వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. పిల్లల చర్మం పల్చన, అందుకే త్వరగా లోతుగా కాలుతుంది.

వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్లు పారనివ్వండి. ధార సన్నగా ఉంటే మగ్గుతో పోస్తూ ఉండండి. ఆలస్యమైనా 3 గంటల లోపు పోస్తే ప్రయోజనం ఉంటుంది. ఐసు వద్దు, దానివల్ల గాయం ఇంకా లోతవుతుంది. నీళ్లు కాలిన చోటనే పోసి మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. బిడ్డ వణికితే ఆపేయండి. గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న బట్టను లాగకూడదు. తర్వాత ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పి తీసుకురండి.

ఏడాదిన్నర పాప ఛాతీ మీద పేస్టు ఎండిపోయి వచ్చింది. అదంతా కడిగితే గానీ గాయం ఎంత లోతో తెలియదు. కడుగుతుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది, పేస్టు రాసిన అమ్మమ్మ తలుపు దగ్గరే కూలబడింది. ఆమెను ఏమనగలం? తన పెద్దలు చెప్పిందే చేసింది. ఆ మాటను ఇప్పటికీ వాట్సాప్‌లో చిట్కా అంటూ పంపేవాళ్ల మీదే నా కోపం.

నొప్పి లేకపోతే చిన్న గాయమే అనుకోకండి. లోతుగా కాలితే నరాల కొనలు చచ్చిపోయి నొప్పి తెలియదు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలినా, కరెంటు వల్ల కాలినా ఆసుపత్రికి రావాల్సిందే. బిడ్డ అరచెయ్యి వేళ్లతో కలిపి ఒంట్లో దాదాపు 1 శాతం. పది అరచేతులంత కాలితే సెలైన్ ఎక్కించాలి, ఇంట్లో ఉంచుకోకండి. ఇక్కడ విక్టోరియా ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది.

చిన్నపిల్లల్లో మేం ఎక్కువగా చూసేది మంటల కన్నా వేడి పాలు, సాంబారు, స్నానపు నీళ్ల ప్రమాదాలే. సోలార్ నీళ్లు ఎండ కాసిన రోజున ఒళ్లు ఊడేంత వేడెక్కుతాయి. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేణ్నీళ్లు కలపండి.

ఇక పథ్యం. గుడ్డు, పప్పు పెడితే చీము పడుతుందని మాన్పించేస్తారు. పుండు మానాలంటే ప్రోటీన్ కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, బిడ్డ తినగలిగినంత పెట్టండి.