వృద్ధి ప్రణాళికకూ పన్ను మాఫీకీ ముడి పడిన కథ

చలికాలంలో ఇంగ్లాండ్‌లోని చాలా కౌన్సిళ్ల (స్థానిక పాలన చూసే సంస్థల) ఎజెండాలు తీసి చూస్తే రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి ఆర్థిక వృద్ధి ప్రణాళిక: కొత్త బిజినెస్ పార్కు, కొత్త ఇళ్లు, వెలవెలబోతున్న బజారుకు మళ్లీ కళ తెచ్చే ఆలోచనలు. రెండోది కౌన్సిల్ ట్యాక్స్ సపోర్ట్ స్కీము: ఆదాయం చాలని ఇళ్లకు వచ్చే ఏడాది పన్నులో ఎంత తగ్గించాలన్న లెక్క. చూడ్డానికి దేని దారి దానిదే. కానీ 2013 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ రెండింటికీ కావాలనే ముడిపెట్టింది.

ముందు కౌన్సిల్ ట్యాక్స్ సంగతి, అంటే అక్కడి ఇంటి పన్ను. మన ఊళ్లలో ఇంటి పన్ను యజమాని కడతాడు. అక్కడ సాధారణంగా ఇంట్లో ఎవరుంటే వాళ్లే కట్టాలి, అద్దెకున్నా సరే. 1993లో మొదలైన ఈ పన్నుకు ఇంగ్లాండ్‌లో నేటికీ ఆధారం 1991 ఏప్రిల్ 1 నాటి ఇంటి ధరే. ఆ రోజు 40 వేల పౌండ్ల వరకు పలికిన ఇల్లు అన్నిటికన్నా కింది తరగతి, అంటే ఎ బ్యాండ్; 3 లక్షల 20 వేలు దాటింది అన్నిటికన్నా పైదైన హెచ్ బ్యాండ్. ధరలో ఎనిమిది రెట్లకు మించిన తేడా ఉన్నా, పన్నులో తేడా మూడు రెట్లే. వేల్స్ 2005లో కొత్త ధరలకు మారింది. ఇంగ్లాండ్‌లో ఆ పని చేసే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది.

ఆ భయానికి మూలం పోల్ టాక్స్. ఇంటిని బట్టి కాకుండా తలకింత అని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లాండ్‌లో, 1990లో ఇంగ్లాండ్, వేల్స్‌లలో వేసిన పన్ను అది. ఎంత పేదవాడైనా కనీసం 20 శాతం కట్టాల్సిందే అన్నారు. 1990 మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్ అల్లర్లతో అట్టుడికింది, నవంబరులో థాచర్ దిగిపోయారు. దాని స్థానంలో కౌన్సిల్ ట్యాక్స్ వచ్చినప్పుడు, పేదల కోసం కౌన్సిల్ ట్యాక్స్ బెనిఫిట్ కూడా వచ్చింది. దేశమంతా ఒకటే నిబంధన, ఖర్చు కేంద్రానిది. బొత్తిగా ఆదాయం లేని ఇంటికి పన్ను మొత్తం మాఫీ. ఇరవై ఏళ్లు ఇలాగే నడిచింది.

2010 అక్టోబరులో సంకీర్ణ ప్రభుత్వం పొదుపు కత్తెర తీసింది. బెనిఫిట్‌ను రద్దు చేసి, డబ్బు 10 శాతం తగ్గించి, బాధ్యతను కౌన్సిళ్లకు అప్పగిస్తామంది. ఏడాదికి దాదాపు 50 కోట్ల పౌండ్లు మిగులుతాయని అంచనా. పెన్షనర్ల జోలికి మాత్రం పోకూడదు, వాళ్ల మాఫీ పాత నిబంధనల ప్రకారమే ఇవ్వాలి. చిన్న మాటలా కనిపించినా అసలు దెబ్బ ఇక్కడే ఉంది. ఒక కౌన్సిల్ మాఫీ ఖర్చు 100 పౌండ్లు, అందులో సగం పెన్షనర్లది అనుకుందాం. తగ్గిన 10 పౌండ్లూ మిగతా 50లోంచే తీయాలి. అంటే పనిచేసే వయసు వాళ్లకు కోత 10 శాతం కాదు, 20 శాతం. ముసలివాళ్లు ఎక్కువున్న ఊళ్లలో పడుచు కుటుంబాలకు కోత అంత ఎక్కువన్నమాట.

ఈ కోతకు ప్రభుత్వం కౌన్సిళ్లకు చెప్పిన సమర్థనలోకే వృద్ధి వచ్చి చేరింది. మాఫీ భారం మీదే అయితే, మీ ఊళ్లో ఉద్యోగాలు పెంచాలన్న పట్టుదల మీకే ఉంటుంది. ఒక్కొక్కరికీ పని దొరికే కొద్దీ మాఫీ ఖర్చు తగ్గుతుంది, ఆ మిగులు మీదే అన్నది వాదన. వ్యాపార స్థలాల మీద వేసే బిజినెస్ రేట్లు 1990 నుంచి కేంద్రం ఖాతాకే పోతుండేవి. 2013 ఏప్రిల్ నుంచే వాటిలో సగం స్థానికంగా ఉంచుకునే ఏర్పాటు కూడా వచ్చింది. కొత్త షెడ్డు లేస్తే ఆదాయం, కొత్త ఉద్యోగం వస్తే పొదుపు. కాగితం మీద లెక్క బాగానే కుదిరింది.

అయితే లెక్క తిరగబడితే? రెడ్‌కార్‌నే చూడండి. ఈశాన్య ఇంగ్లాండ్‌లో టీస్ నది ఒడ్డున ఉన్న అక్కడి ఉక్కు కర్మాగారాన్ని టాటాల చేతిలోని కోరస్ 2010లో ఆపేసింది. థాయ్‌లాండ్ కంపెనీ ఎస్ఎస్ఐ కొని 2012లో మళ్లీ వెలిగించింది. 2015 అక్టోబరులో అదీ దివాలా తీసింది, 2,200 ఉద్యోగాలు పోయాయి. కొలిమి ఆరడంతో కౌన్సిల్‌కు ఒక పక్క పెద్ద రేట్ల ఆదాయం పడిపోయింది, మరో పక్క జీతాలు పోయిన ఇళ్లకు పన్ను మాఫీ అక్కర పడింది. బ్యాంకాక్‌లో తీసుకున్న నిర్ణయానికి, ప్రపంచ మార్కెట్‌లో ఉక్కు ధరకు ఒక జిల్లా కౌన్సిల్ పట్టుదల ఏం అడ్డుపడుతుంది? రేట్ల ఆదాయం మరీ పడిపోతే కొంత పూడ్చే సేఫ్టీ నెట్ ఉన్న మాట నిజమే, కానీ అది మాఫీ ఖర్చును చూడదు.

కోత మొదలైన ఏడాదే లండన్‌లోని హారింగే కౌన్సిల్ వ్యవహారం కోర్టుకెక్కింది. పెన్షనర్లు, వికలాంగులు తప్ప మిగతా పేదలంతా పన్నులో కనీసం 19.8 శాతం కట్టాలని ఆ కౌన్సిల్ తేల్చింది. జనాభిప్రాయం అడిగింది కానీ, ఆ పత్రంలో ఇంతకన్నా వేరే దారి లేదన్న ధోరణే. పన్ను పెంచొచ్చు, నిల్వలు వాడొచ్చు, ఇంకో సేవలో కోసుకోవచ్చు అన్న మాటే లేదు. ఆ సంప్రదింపు చట్టవిరుద్ధమని 2014 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, పక్కన పెట్టిన దారులేమిటో కూడా జనానికి తెలియాలంది. ఇప్పుడు కౌన్సిళ్ల సర్వే పత్రాల్లో కనిపించే ‘మేము పరిశీలించిన ఇతర మార్గాలు’ వంటి భాగాల వెనక ఉన్నది ఈ తీర్పే.

చాలా కౌన్సిళ్లు ఇలాంటి కనీస వాటానే పెట్టుకున్నాయి, కొన్నిచోట్ల అది దాదాపు పోల్ టాక్స్ నాటి 20 శాతమే. పోల్ టాక్స్ ఆలోచన మొగ్గతొడిగిన రోజుల్లో మంత్రిగా ఉన్న ప్యాట్రిక్ జెంకిన్ ఆ అనుభవాన్ని గుర్తుచేసి ముందే హెచ్చరించారు. చిన్న మొత్తాలు వసూలు చేయడం ఎంత తంటానో చూడండి. వారానికి 4 పౌండ్లంటే ఏడాదికి 208. వాయిదా తప్పి, నోటీసుకూ కట్టకపోతే ఏడాది బాకీ మొత్తం ఒకేసారి పడుతుంది. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు, ఆపై బాకీ కింద సామాను జప్తు చేసే బెయిలిఫ్. 2014లో నిర్ణయించిన ఫీజుల ప్రకారం కేసు బెయిలిఫ్ చేతికి వెళ్తే 75 పౌండ్లు, అతను గుమ్మం దాకా వస్తే ఇంకో 235. అసలు కన్నా కొసరే 102 పౌండ్లు ఎక్కువ!

అందరూ ఈ దారి పట్టలేదు. స్కాట్లాండ్, వేల్స్ ప్రభుత్వాలు తేడా సొమ్ము సర్ది పాత మాఫీని నిలబెట్టాయి. ఇంగ్లాండ్‌లో కౌంటీ డరమ్ కౌన్సిల్ చాలా ఏళ్లు పూర్తి మాఫీ ఇచ్చింది. బొగ్గు గనులు మూతపడిన ఈ ప్రాంతంలో సగానికి పైగా ఇళ్లు ఎ బ్యాండువే, పన్ను ఎంత పెంచినా రాలేది తక్కువ. మధ్య తరగతి ఇళ్లుండే డి బ్యాండ్ బిల్లు డరమ్‌లో 2 వేల పౌండ్లు దాటితే, లండన్‌లోని ఖరీదైన వెస్ట్‌మిన్‌స్టర్‌లో సుమారు వెయ్యి.

కేంద్రం ఇచ్చే మాఫీ సొమ్ము 2014 నుంచి సాధారణ గ్రాంటులో కలిసిపోయింది. ఎంతొస్తోందో విడిగా కనిపించదు, ఆ గ్రాంటే ఏటా చిక్కిపోయింది. కోవిడ్ వచ్చాక 50 కోట్ల పౌండ్ల నిధి పెట్టి, సపోర్ట్ పొందే పనిచేసే వయసు వాళ్ల బిల్లుల్లో 150 పౌండ్ల వరకు తగ్గించాల్సి వచ్చింది. ఊళ్లకు పట్టుదల తక్కువై ఉద్యోగాలు పోయాయని అప్పుడెవరూ అనలేదు.

మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అన్న షరతున్న వీసా మీదున్నవాళ్లు ఈ సపోర్ట్‌కు దరఖాస్తు చేయకూడదు, వీసాకే టెన్షన్. ఒంటరిగా ఉంటే వచ్చే 25 శాతం తగ్గింపు, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే వచ్చే మినహాయింపు మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. నిశ్చింతగా అడగొచ్చు.

2013 నుంచి పెరిగిన బిజినెస్ రేట్ల ఆదాయాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టి, అవసరాన్ని బట్టి పంచే రీసెట్‌ను 2026 ఏప్రిల్ నుంచి అమలు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. రెడ్‌కార్ ఉక్కు నేల ఇప్పుడు టీస్‌సైడ్ ఫ్రీపోర్టులో, అంటే పన్ను, సుంకాల రాయితీలున్న ప్రత్యేక ప్రాంతంలో భాగం. ఫ్రీపోర్టు ట్యాక్స్ సైట్లలో పెరిగే రేట్లను 25 ఏళ్లు స్థానికంగానే ఉంచుకోవచ్చన్నది వేరే ఒప్పందం. పన్ను మాఫీ స్కీము మాత్రం ఎక్కడికక్కడే ఉంది: ఏటా మార్చి 11లోగా ఈ పన్ను వసూలు చేసే ప్రతి కౌన్సిలూ తనది తాను తేల్చుకోవాలి, పెన్షనర్ల వాటా ముట్టకుండా.