తేనెటీగల జబ్బులు: అపోహలు - వాస్తవాలు

తేనెటీగల జబ్బుల మీద పరిశోధన చేస్తానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "ఈగలకు కూడా జబ్బులొస్తాయా?" వస్తాయి. వైరస్‌లు, బ్యాక్టీరియా, ఫంగస్, నల్లి (మంచంలో దూరే నల్లి కాదు, ఈగలను పట్టి బతికే చిన్న పురుగు), అన్నీ ఉన్నాయి. జబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది, అదేమిటో తేలకుండానే మందు వేయడం.

అపోహ: పెట్టె ఖాళీ అయిందంటే పక్క చేలో పురుగుమందు కొట్టినట్టే.

పురుగుమందుతో ప్రమాదం నిజమే. అలాంటప్పుడు సాధారణంగా పెట్టె ముందు చచ్చిన ఈగలు ఒక్కసారిగా కుప్పపడతాయి. అలా కాకుండా వారాల తరబడి ఈగలు తగ్గిపోతూ, రెక్కలు ముడుచుకుపోయినవి నేల మీద పాకుతుంటే ముందుగా వరోవా నల్లిని అనుమానించాలి. రెక్కలను పాడుచేసే వైరస్‌ను ఈగ నుంచి ఈగకు మోసేది అదే.

అపోహ: నల్లి కనిపించలేదు, అంటే లేదు.

ఇటాలియన్ ఈగలు (విదేశీ జాతి) పెంచేవాళ్లను నిండా ముంచేది ఈ నమ్మకమే. పిల్లలు బాగా పెరిగే కాలంలో నల్లిలో ఎక్కువ భాగం పిల్లలుండే, మైనంతో మూతపడిన గదుల్లోనే ఉంటుంది. పెద్ద ఈగ మీద ఉన్నా పొట్ట కింద పలకల మధ్య దూరిపోతుంది. అది ఈగ రక్తం తాగుతుందని చాలా కాలం అనుకున్నాం. 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం అది ప్రధానంగా తినేది ఈగలోని కొవ్వు కణజాలాన్ని. రోగనిరోధక శక్తికీ, మందుల విషాన్ని తట్టుకోవడానికీ ఈగకు ఆధారం ఆ కణజాలమే.

అందుకే చూసి వదిలేయకుండా లెక్కపెట్టాలి. పిల్లలున్న ఫ్రేము (పెట్టెలో పట్టు కట్టే చట్రం) నుంచి అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి దులపండి. రాణి అందులో పడకుండా చూసుకోండి. పంచదార పొడి వేసి, ఈగలకు బాగా పట్టేలా సీసాను దొర్లించి, తెల్ల పళ్లెంలోకి గట్టిగా జల్లించి, రాలిన నల్లులను లెక్కపెట్టండి. వంద ఈగలకు మూడు నల్లులు దాటితే చికిత్స ఆలస్యం చేయకూడదు. నల్లికి వాడే మందు ఆక్సాలిక్ ఆమ్లం గది మూత దాటి లోపలికి వెళ్లదు. పిల్లలున్నప్పుడు ఒక్కసారి వాడి "మందు పనిచేయలేదు" అనడం సరికాదు.

నాటు ఈగలకు ఏ జబ్బూ రాదన్నది సగమే నిజం. వాటి దగ్గర వరోవా పోతుటీగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, కాబట్టి అదుపులో ఉంటుంది. కానీ 1990ల మొదట్లో ఈగ పిల్లలను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణ భారతంలో నాటు ఈగలను దాదాపు తుడిచిపెట్టింది. దానికి ఇప్పటికీ మందు లేదు.

యాంటీబయోటిక్ వేస్తే ఏ జబ్బయినా పోతుందన్నదీ అపోహే. అది ఏ వైరస్ మీదా పనిచేయదు. ఈగ పిల్లలకు వచ్చే బ్యాక్టీరియా జబ్బు అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ స్పోర్లను (ఆ బ్యాక్టీరియా నిద్రాణ రూపాలను) కూడా చంపలేదు. అవి పాత తేనెపట్టులో దశాబ్దాల పాటు బతికుంటాయి. మందు అవశేషం మాత్రం తేనెలో మిగులుతుంది.

ఇక ల్యాబుకు ఏదో ఒక నమూనా పంపితే చాలనుకోవడం కూడా పొరపాటే. ఎండిపోయిన ఈగల్లో వైరస్ పరీక్ష కష్టం, అప్పుడే జబ్బుపడినవాటిని ఐసులో పంపండి. జబ్బు పిల్లలున్న పట్టు ముక్కను కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే బూజు పడుతుంది.