అడవి పైడికంటె: ఎండిన తోలు మీది ఒక దొంగ చీటీ కథ

కడపలో వేపచెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబ కనిపిస్తే చాలు, ఫోటో తీసి "అరుదైన అడవి పైడికంటె" అని వాట్సాప్‌లో తిప్పేస్తున్నారు. ముందు నెత్తి చూడండి సామీ. నిండా తెల్ల చుక్కలుంటే అది మన మామూలు పైడికంటే. అడవిదానికి నెత్తి మీద చుక్కలు దాదాపు కనిపించవు, కాలి వేళ్ల దాకా తెల్లటి ఈకలుంటాయి, పైగా అది పట్టపగలే వేటాడుతుంది.

1872లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్నా దగ్గర బ్లూయిట్ అనే ఆయనకు దొరికిన పక్షిని చూసి, మరుసటి ఏడాది ఏ.ఓ. హ్యూమ్ (అవును, కాంగ్రెస్ హ్యూమే) దాన్ని వేరే ప్రజాతిగా (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) లెక్కగట్టి 'హెటెరోగ్లాక్స్ బ్లూయిటీ' అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు మామూలు పైడికంటె ఉండే 'అథీన్'లో కలిపేశారు, 1999లో కొందరు మళ్లీ విడదీశారు, 2018లో డీఎన్ఏ చూసి అథీన్‌లోకే తెచ్చారు.

అసలు మజా వేరే ఉంది. 1884 తర్వాత ఆ పక్షి ఎవరికీ దొరకలేదు, ఒక్క మైనర్ట్‌జ్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్తకు తప్ప. 1914లో గుజరాత్‌లోని మాండ్వీలో పట్టానని చీటీ కట్టిన నమూనా (దూది కూరి ఎండబెట్టిన పక్షి తోలు) ఆయన దగ్గర ఉండేది. తీరా చూస్తే అది అంతకుముందు డేవిడ్సన్ అనే ఇంకో సేకర్త పట్టినది, దాన్ని మైనర్ట్‌జ్‌హాగెన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి కొట్టేసి, లోపలి దూది మార్చి మళ్లీ కుట్టాడట! అమెరికా పక్షి శాస్త్రవేత్త పామెలా రాస్ముసెన్ ఆ చీటీని పక్కన పెట్టి, నిజమైన పాత నమూనాలు దొరికిన చోట్లకే తోటివాళ్లతో వెళ్లింది. 1997 నవంబర్‌లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ పక్షి కనిపించింది, 113 ఏళ్ల తర్వాత.

మనకిది కొత్త కథేం కాదు. 1900లో అనంతపురం దగ్గర కనిపించి మాయమైన కలివికోడి అనే అరుదైన పక్షి, 1986లో సిద్ధవటం పక్క రెడ్డిపల్లిలో తేలింది కదా. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది.

2018లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) అడవి పైడికంటెను 'తీవ్రంగా అంతరించే ప్రమాదం' నుంచి ఒక మెట్టు దించి 'అంతరించే ప్రమాదం'లో పెట్టింది. పక్షులు పెరిగాయని కాదు, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలోని మేల్‌ఘాట్, ఖండ్వా, తాన్సా లాంటి కొత్త చోట్ల వెతికితే కనిపించాయని. ఇప్పటికీ ఎదిగిన పక్షులు వెయ్యి లోపేనని అంచనా, ఆ టేకు అడవుల్లో గొడ్డలి చప్పుడూ ఆగలేదు.