గుండు లేని ఫిరంగి

1815 నాటి వాటర్లూ, 1863 నాటి గెటిస్‌బర్గ్ వంటి పాత యుద్ధాలను ఆనాటి దుస్తులతో, ఆయుధాలతో మళ్లీ ప్రదర్శించి చూపేటప్పుడు ఫిరంగిలో గుండు ఉండదు. మందు మాత్రం నిజమైనదే. దాని ఇంగ్లీషు పేరైన బ్లాక్ పౌడర్‌ను మాటకు మాట తెలుగు చేస్తే నల్లమందు అయి మత్తు పదార్థమనే అర్థం వస్తుంది కనుక, తుపాకిమందు అనడమే మేలు.

దీనిలో సుమారు 75 శాతం సురేకారం (పొటాషియం నైట్రేట్), 15 శాతం బొగ్గు, 10 శాతం గంధకం ఉంటాయి. బొగ్గుకూ గంధకానికీ కావలసిన ఆక్సిజన్‌ను సురేకారమే అందిస్తుంది కాబట్టి గాలి ఆడకుండా కప్పినా ఈ మంట ఆరదు. గంధకం వల్ల మిశ్రమం తక్కువ వేడికే అంటుకుంటుంది. ఆరుబయట చిటికెడు పోసి అంటిస్తే భగ్గుమంటుందే తప్ప పేలదు. అదే మందును గొట్టంలో బంధిస్తే, దారి దొరకని వాయువులు పీడనాన్ని పెంచుతాయి, పీడనం మంటను మరింత వేగిరపరుస్తుంది.

చూసేవారికి పేలుడే ప్రమాదంగా కనిపిస్తుంది. నిజానికి ఎక్కువ భయపడవలసింది రెండోసారి మందు దట్టించేటప్పుడు. మండిన మందు బరువులో సగానికి పైగా పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్ వంటి ఘనపదార్థాలుగా మారి, కొంత తెల్లని పొగలో కలిసిపోగా, కొంత గొట్టం గోడలకు పట్టుకుంటుంది. ఆ పొర చాటున మందుసంచి పేలిక ఒకటి ఆరకుండా మిగిలితే, కొత్త సంచిని లోపలికి నెట్టే మనిషి చేతులు ఫిరంగి మూతి దగ్గర ఉండగానే మందు అంటుకుంటుంది. అందుకే అమెరికా అంతర్యుద్ధకాలపు ఫిరంగిదళాల్లో తడికుచ్చుతో గొట్టాన్ని తుడిచేవారు. తుడిచి, మందు దట్టించినంతసేపూ మరొకడు తోలుతొడుగు వేసిన బొటనవేలితో రంజకపు రంధ్రాన్ని, అంటే లోపలి మందుకు నిప్పు అందించే చిన్న రంధ్రాన్ని, మూసి ఉంచేవాడు. లోపలికి గాలి తగిలి నిప్పు రాజుకోకూడదు కదా! ప్రేక్షకులు ఎదురుచూస్తున్నారని ఈ తంతును కుదించేవారిని ఫిరంగి దగ్గరికి రానివ్వకూడదని నా అభిప్రాయం.

చెకుముకి తుపాకిలో రంజకం, అంటే లోపలి మందును అంటించడానికి బయట పోసే కాస్త మందు, మండినప్పుడు మంట పక్కకు చిమ్ముతుంది కనుక వరుసలో నిలిచిన పక్కవాడి ముఖానికి ముప్పు. మందుబుడ్డి నుంచి నేరుగా గొట్టంలోకి పోయడం అంతకన్నా ఘోరం. లోపలి నిప్పు ధారవెంట పైకి పాకితే చేతిలోని బుడ్డి పేలిపోతుంది. దట్టించే కడ్డీని గొట్టంలోనే మరిచిపోతే అది బల్లెంలా దూసుకుపోతుంది. మీట నొక్కినా పేలని తుపాకిని వెంటనే దించి చూడడమూ తగదు. రంజకం ఆలస్యంగా లోపలి మందును అంటించవచ్చు కాబట్టి, మూతిని జనం లేనివైపే ఉంచి కొంతసేపు కదలకుండా నిలబడాలి.